లంకలో పేరు పెట్టి పిలవకూడదు

పడవ దిగీ దిగకముందే ఒక అమ్మాయి మా చేతుల్లో తలా ఒక అట్ట పెట్టింది. పైన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ, కింద ‘ఎండపూట లంకలో ఇలా గడపండి’ అని రంగురంగుల అక్షరాలు, ఆ కింద వరసగా పనులు. పొద్దున తెడ్డు పడవ, తర్వాత ఇసుకలో బంతాట, ఎండెక్కాక గొడుగుల కింద కొబ్బరిబోండాలు, మధ్యాహ్నం ఊయల మంచాల్లో కునుకు, మూడింటికి కాళ్ళకు నూనె మర్దన. సెలవురోజున ఏ గంటకి ఏం చెయ్యాలో కూడా ఒకరు చెప్పాలన్నమాట. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, గంట మోతంటేనే ఒళ్ళు మండే దశలో రిటైరైన మనిషిని నేను. ఆ అట్టని మడిచి సంచీలో పడేశాను. మా అమ్మాయి శిరీష దాన్ని ఫోటో తీసుకుంది. మా అత్త మాత్రం చాలాసేపు పట్టుకుని చదివింది. కంటి ఆపరేషనయ్యాక చూపు బాగుపడిందని ఈమధ్య దొరికిన కాగితమల్లా చదువుతోంది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు, సామ్రాజ్యం. డెబ్బై దాటాయి. మార్టూరులో ఉంటుంది. ఆమె భర్త అక్కడ గ్రానైట్ పాలిష్ పట్టే చోట మేస్త్రీగా చేసేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. కన్ను మళ్ళీ చూపించుకోడానికి గుంటూరు వచ్చి మా ఇంట్లో దిగింది. ఆ రోజు వంటింట్లో ఉన్నాను. శిరీష ఫోన్ చూస్తూ, “అమ్మా, కృష్ణ మధ్యలో ఐలండ్ రిసార్టంట. మీ ఊరికి ఎదురుగానే. వన్ డే ప్యాకేజీ, వెళ్దామా?” అంది. వద్దనడానికి నేను నోరు తెరిచేలోపే పక్కగదిలోంచి అత్త, “నేనూ వస్తానే” అంది. నా చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది. యాభై ఏళ్ళకు పైగా ఆమె కృష్ణ నీళ్ళు తాకలేదు. పుష్కరాలకి రమ్మంటే రాలేదు. మా నాయనమ్మ అస్థికలు కలిపిన రోజున అందరం రేవులోకి దిగితే తను రోడ్డు మీదే నిలబడింది. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం మాట్లాడుకోం.

లంక అంటే రావణుడిది కాదు. మా వైపు నది మధ్యలో మేట వేసిన దీవిని లంక అంటారు. వరదకి మునుగుతుంది, వరద తీశాక మళ్ళీ పైకి లేస్తుంది, లేచినప్పుడల్లా ఆకారం మారుతుంది. ఒక ఏడు పొడుగ్గా, ఒక ఏడు బానపొట్టలా. చలికాలంలో ఎవరో వచ్చి పుచ్చపాదులు, దోసపాదులు పెట్టేవాళ్ళు. ఎండలు ముదిరేసరికి కాపైపోయి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. మిగిలేది ఇసుక, మనిషెత్తు రెల్లు, కాపలా వాళ్ళు వదిలేసిన ఒక మంచె. మా ఇంటి ఆడవాళ్ళకి ఏడాదికి ఒక్క సెలవురోజు ఉండేది, ఆ రోజు అక్కడికి వెళ్ళేవాళ్ళం. దాన్ని లంకరోజు అనేవాళ్ళు. నాకు తెలిసి ఇంకే ఇంట్లోనూ ఆ పండగ లేదు. నాయనమ్మ పెట్టిందే పండగ.

లంకరోజు ఎందుకొచ్చిందో తెలియాలంటే మా ఇంటి మిరపకాయల సంగతి తెలియాలి. మాఘం నుంచి ఉగాది దాటేదాకా మా ఇంట్లో అందరం దగ్గుతూ బతికేవాళ్ళం. ఊరి చివర కల్లంలో ఎర్రటి దుప్పటి పరిచినట్టు కాయలు ఆరబోసేవాళ్ళు. ఆరిన కాయల్ని ఏరి, తాలు కాయలు వేరు చేసి, తొడిమలు తీసి, బస్తాల్లో తొక్కేవాళ్ళు. ఆ బస్తాల్ని మా వైపు టిక్కీలంటారు. ఆ ఘాటు ఇంట్లో పక్కబట్టలకి, ఉట్టి మీద వెన్నకి, దేవుడి గదిలో గంధానికి కూడా పట్టేది. మా నాన్న తుమ్మితే అమ్మ తుమ్మేది, అమ్మ తుమ్మితే గేదె తుమ్మేది. పనిచేసే ఆడవాళ్ళంతా చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు పొడుగు చేతులవి తొడుక్కుని, తలకీ మొహానికీ తువ్వాళ్ళు చుట్టుకుని కళ్ళు మాత్రం బయటపెట్టుకునేవాళ్ళు. మా అమ్మకీ అత్తకీ అదే వేషం. కల్లంలో ఎవరు ఎవరో దగ్గుని బట్టి తెలుసుకోవాలి. అత్త దగ్గు సన్నగా, వరసగా మూడు ఉండేది. నాయనమ్మ మాత్రం తువ్వాలు చుట్టుకునేది కాదు. చుట్ట తాగే మనిషికి మిరపకాయ ఒక లెక్కా అనేది. తాటాకు విసనకర్రతో కల్లం చుట్టూ తిరుగుతూ, పని చెడగొట్టినవాళ్ళ వీపు మీద దానితోనే ఒకటి అంటించేది.

రెండు నెలలు అట్లా కాయల్లో పెట్టిన చేతులు ఎలా ఉంటాయో చెప్పినా నమ్మరు. వెన్న రాసినా, మజ్జిగలో ముంచినా మంట తగ్గదు. అమ్మ నాకు జడ వేస్తే మెడ మండేది. అందుకని ఆఖరి టిక్కీ లారీ ఎక్కి గుంటూరు యార్డుకి పోయిన మర్నాడు లంకరోజు. నది ఒడ్డున తడి ఇసుకలో చేతులు మోచేతుల దాకా పాతుకుని పొద్దంతా కూర్చుంటే మంటంతా ఇసుక లాగేస్తుందని నాయనమ్మ నమ్మకం. నిజంగానే లాగేసేది. వరసగా ఆడవాళ్ళు కూర్చుని, చేతులు భూమిలోకి దిగిపోయి, కళ్ళు మూసుకుని, అబ్బా అబ్బా అంటుంటే చూడాలి. తర్వాత స్నానాలు. తర్వాత భోజనం. ఆ రోజు భోజనంలో కారమన్నది ఉండకూడదు. చప్పిడి పప్పు, పెరుగన్నం, బెల్లం పరమాన్నం. గుంటూరు జిల్లా మనుషులకి అంతకు మించిన శిక్ష ఏముంది, అయినా ఆ ఒక్కరోజూ ఎవరూ సణిగేవాళ్ళు కాదు. మధ్యాహ్నం రెల్లు నీడలో నిద్ర. సాయంత్రం తిరుగు ప్రయాణం. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించే పని లేదు, ఎవరి మంచం మీద వాళ్ళు పడిపోవడమే.

నాయనమ్మకి లంక గురించి రెండు నియమాలు. ఒకటి, లంకలో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవకూడదు. అత్తా, అమ్మా అనొచ్చు, పేరు మాత్రం పైకి రాకూడదు. దూరంగా ఉన్నవాళ్ళని ‘ఓ’ అని కేకెయ్యాలి, వాళ్ళూ ‘ఓ’ అని పలకాలి. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పింది. “ఇది ఏటేటా పుట్టేదే పిల్లా. పుట్టినదానికి పేరు కావద్దూ? మన పేరు చెవిన పడితే అదే పెట్టుకుంటది.” చెప్పి చుట్ట వెలిగించుకుంది. నేను ఆ ఏడాదంతా అద్దంలో చూసుకుంటూ నా పేరు నాకే మెల్లగా చెప్పుకునేదాన్ని, ఉందో లేదో చూసుకోడానికి. రెండో నియమం, తిరిగి పడవ ఎక్కేటప్పుడు మనుషుల్ని లెక్కపెట్టే పని అందరిలోకీ చిన్నవాళ్ళది. పడవ ముందు నేను నిలబడాలి. ఎక్కే ప్రతి మనిషీ కుడి అరచెయ్యి చాపాలి. నేను నా అరచేత్తో చరిచి పైకి లెక్క చెప్పాలి. పెద్దవాళ్ళు చూసి లెక్కపెడతారు, చూపు మోసం చేస్తది, చెయ్యి చెయ్యదు అనేది నాయనమ్మ.

ఆ ఏడు నాకు పదేళ్ళు, అత్తకి పంతొమ్మిదో ఇరవయ్యో. పొద్దున తొమ్మిదిమందిమి వెళ్ళాం. నాయనమ్మ, అమ్మ, అత్త, నేను. మిగతా అయిదుగురూ ప్రకాశం మెట్ట ఊళ్ళ నుంచి కాయలు కొయ్యడానికి వచ్చిన ముఠాలో ఆఖరిదాకా మిగిలిన ఆడవాళ్ళు. మర్నాడు తొలి బస్సుకి వాళ్ళు సొంత ఊళ్ళకి పోవాలి. పడవ మస్తాన్‌ది. మేం దిగాక వలలు చూసుకుంటూ అవతలి పాయలో ఉండి, పొద్దు వాలాక వచ్చి ఎక్కించుకునేవాడు.

ఆ రోజు నేనొక తప్పు చేశాను. నీళ్ళలో నిలబడి ఉంటే కాలికి ఒక పెద్ద నత్తగుల్ల తగిలింది. అంత పెద్దది అంతకుముందు చూళ్ళేదు. సంతోషం పట్టలేక, “సామ్రాజ్యం అత్తా!” అని గట్టిగా అరిచాను. అత్త నీళ్ళలో పరుగెత్తుకొచ్చి ఇసుక చేత్తో నా నోరు మూసింది. నవ్వుతోందిలే. “మా అమ్మకి చెప్పకు, చంపేస్తది” అంది. నాయనమ్మ దూరంగా పరమాన్నం గిన్నె దగ్గరుంది, వినలేదు. ఎవరూ వినలేదు. అవతల రెల్లు వెనక నుంచి మాత్రం ‘ఓ’ అని ఎవరో పలికారు. ముఠాలో మనిషే అనుకున్నాం ఇద్దరం. తర్వాత అత్త స్నానం చేసి, వేసుకొచ్చిన నాన్న నీలం చొక్కా ఉతికి రెల్లు మీద ఆరేసింది.

భోజనాలయ్యాక అందరూ నిద్రపోయారు. నాకు పగటి నిద్ర రాదు, ఇప్పటికీ రాదు. లంక మీద మధ్యాహ్నపు ఎండ వేరే రకం. ఊళ్ళో ఎండకి కాకులరుస్తాయి, ఎక్కడో ఇంజను మోగుతుంటుంది. అక్కడ ఏమీ లేదు. గాలి ఆగిపోయింది, రెల్లు ఆకు కదలడంలేదు, నీళ్ళు కూడా చప్పుడు లేకుండా పోతున్నాయి. రెండు నెలల్లో మొదటిసారి ఎవరూ దగ్గడంలేదు. ఆ నిశ్శబ్దంలో మళ్ళీ అవతల నుంచి ‘ఓ’ అని వినబడింది. మెల్లగా, పని మీద పిలిచినట్టు. అత్త లేచి కూర్చుంది. నిద్రమొహంతో, “ఎవరే, అమ్మేనా?” అంది. నాయనమ్మ నా పక్కనే పడుకుని గురక పెడుతోంది. నేను చెప్పేలోపే అత్త ‘ఓ’ అని పలికి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని రెల్లులోకి వెళ్ళింది. లేచి చూస్తే మిగతావాళ్ళంతా నిద్రలో ఉన్నారు. ఒకరిద్దరు మొహం మీద తువ్వాలు కప్పుకున్నారు కాబట్టి ఎవరో తెలియలేదు. అందరూ ఉన్నారో లేదో లెక్కపెట్టాలని నాకు తోచలేదు. ఆ పని సాయంత్రం కదా.

కాసేపటికి మస్తాన్ తెడ్డు పడవతో గొడ్డులా అరుస్తూ వచ్చాడు. “పెద్దమ్మగారూ! పైన నీళ్ళొదిలారంట! లెగండి, లెగండి!” ఎగువ ఆనకట్ట నుంచి ఎప్పుడైనా చెప్పకుండా నీళ్ళు వస్తే లంక గంటలో సగం పోతుంది. అప్పటికే మేం చేతులు పాతిన గుంటల్లోకి నీళ్ళొచ్చేశాయి. గిన్నెలు, బట్టలు, బుట్టలు దొరికినవి దొరికినట్టు పడవలో పడేశారు. పడమటి గాలి లేచి ఇసుక కళ్ళల్లో కొట్టడంతో అందరూ తువ్వాళ్ళు చుట్టేసుకున్నారు. నాయనమ్మ అంత హడావిడిలోనూ నియమం వదల్లేదు. నన్ను పడవ ముందు నిలబెట్టి, “ఊఁ, లెక్కపెట్టు” అంది. అత్త కనబడక అమ్మ లంక వైపు తిరిగి ‘ఓ’ అని నాలుగైదు కేకలేసింది. రెల్లు వైపు నుంచి ‘ఓ’ అని జవాబు వచ్చింది. ఆ వెంటే రెల్లులోంచి నీలం చొక్కా వస్తూ కనబడింది.

ఒక్కొక్కరే చెయ్యి చాపి ఎక్కారు. నాయనమ్మది ఒకటి. అమ్మది రెండు. ముఠా ఆడవాళ్ళవి గరుకుగా, గోళ్ళ చుట్టూ పగిలి, ఒక్కోటీ ఒక్కో రకంగా. ఏడో చెయ్యి నీలం చొక్కాది. మెత్తగా ఉంది. పుట్టి ఒక్క మిరపకాయ తొడిమ తుంచని చెయ్యి అది. చల్లగా, గీతలు లేనట్టు నున్నగా ఉంది. అత్తకి ఇసుక బాగా పనిచేసిందే అనుకున్నాను, నిజంగా అట్లాగే అనుకున్నాను. ఎనిమిదో చెయ్యి కూడా చరిచి, ఆఖర్న నా చేతిలో నేనే చరుచుకుని, “తొమ్మిది” అన్నాను. మస్తాన్ పడవ నెట్టాడు. దారి పొడుగునా ముఠా ఆడవాళ్ళు నీళ్ళని చూసి ఏడుస్తూ, దగ్గుతూ ఉన్నారు. నీలం చొక్కా నాయనమ్మ పక్కన కూర్చుంది. ఒక్కసారి కూడా దగ్గలేదు.

ఇంటికొచ్చేసరికి దీపాలవేళ. లంకరోజు ఎండకి అత్తకి తలనొప్పి రావడం, వెనక వసారాలో నులకమంచం మీద మొహం కప్పుకుని పడుకోవడం మామూలే. వసారాలో మంచం మీద నీలం చొక్కా చూసి అమ్మ తలాపున మజ్జిగ గ్లాసు పెట్టి వచ్చేసింది. పొద్దున లేచేసరికి ముఠా వాళ్ళు తొలి బస్సుకి వెళ్ళిపోయారు. వసారాలో మంచం ఖాళీ. నులకంతా తడి, పక్కన గుప్పెడు ఇసుక, మడత పెట్టిన చొక్కా, ముట్టని మజ్జిగ. అత్త ఎటో వెళ్ళిందనుకుంటుండగా వీధిలో కేకలు. మస్తాన్ ముందు, వెనక అత్త. చొక్కా లేదు, చీరంతా బురద, పెదాలు నీలంగా తిరిగిపోయి ఉన్నాయి. రాత్రంతా పుచ్చపాదుల మంచె పట్టుకుని నడుముల్లోతు నీళ్ళల్లో ఉందట. వల తీయడానికి పోయి మస్తాన్ చూశాడు.

గుమ్మం దగ్గర నాయనమ్మ అడ్డంగా నిలబడింది. కూతురు బతికొచ్చిందని కావిలించుకుంటుందనుకున్నాం. కావిలించుకోలేదు. అత్తని చూసి, వెనక్కి తిరిగి వసారా మంచం వైపు చూసి, మళ్ళీ అత్తని చూసింది. నాన్న నా భుజం పట్టుకుని, “ఎంతమందిని లెక్కబెట్టావే నిన్న?” అన్నాడు. “తొమ్మిది” అన్నాను. “సరిగ్గా గుర్తు తెచ్చుకో. కంగార్లో ఒకటి ఎక్కువ చెప్పి ఉంటావ్. ఎనిమిదే గదా?” ఆయన గొంతులో బతిమాలడం ఉంది. ఎనిమిది అనమంటున్నాడని నాకు అర్థమైంది కూడా. అత్త వణుకుతూ నా వంకే చూస్తోంది. కానీ నేను తప్పు లెక్కపెట్టలేదు. తప్పు పెట్టానంటే అత్తని వదిలేసి వచ్చింది నేనే అవుతుంది. ఆ పేరు అరిచిన సంగతి కూడా బయటికొస్తుంది. “తొమ్మిదే. చరిచాను. తొమ్మిదే” అని ఏడుపు మొదలుపెట్టాను. మస్తాన్ కూడా గెడ్డం గోక్కుంటూ, “తొమ్మిదిమందికి పడవ ఎంత మునగాలో అంతే మునిగిందండి” అన్నాడు. నాయనమ్మ పక్కకి జరిగింది. “రావే ఓ” అంది.

నాన్న దానికి సమాధానం కనిపెట్టాడు, మంచి సమాధానమే. వేరే ముఠా మనిషో, పాదుల దగ్గర మిగిలిపోయిన కాపలా మనిషో నీళ్ళకి భయపడి చేతికందిన చొక్కా తొడుక్కుని మా పడవ ఎక్కి, రేవులో దిగి దారిన పోయి ఉంటుంది. చొక్కా రేవులో విప్పి బుట్టలో పడేస్తే బట్టలతో పాటు ఇంటికి వచ్చింది, ఎవరో మంచం మీద పెట్టారు. మసక వెలుతురులో అమ్మ చొక్కాని చూసి మనిషనుకుంది. లెక్కల టీచర్ని కదా, నేనూ ఆ సమాధానాన్ని ఎన్నోసార్లు సరిచూశాను. సరిపోతుంది. తడి నులక ఒక్కటే మిగులుతుంది.

నాయనమ్మకి మాత్రం సమాధానాలు అక్కర్లేదు. పిల్ల చెయ్యి అబద్ధం చెప్పదు. తొమ్మిదిమందీ వచ్చేశారు. మరి పొద్దున వచ్చిందెవరు? ఈ ప్రశ్న ఆమె ఒక్కనాడూ పైకి అడగలేదు. పెదకాకాని గుడికి తీసుకెళ్ళి స్నానం చేయించింది, తాయెత్తు కట్టించింది, అన్నం పెట్టింది, జ్వరమొస్తే కాపలా కాసింది. పేరు మాత్రం మళ్ళీ నోట పలకలేదు. తన కన్నకూతుర్ని, మా ఇంట్లోనే, పట్టపగలు, ‘ఓ’ అని పిలిచేది. “ఓ, నీళ్ళు తే.” “ఓ, దీపం పెట్టు.” అత్త పలికేది. పెళ్ళిలో పురోహితుడు అమ్మాయి పేరేమిటమ్మా అని అడిగితే నాయనమ్మ తల తిప్పుకుంది, నాన్న చెప్పాడు. చివరి రోజుల్లో నాయనమ్మకి నోట్లో నీళ్ళు పోసింది అత్తే. అప్పుడైనా పిలుస్తుందేమోనని మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం. కళ్ళు తెరిచి చాలాసేపు కూతురి మొహం వెతికింది. “ఓ” అంది. అంతే.

ఒక్క మాట ‘ఎనిమిది’ అని ఉంటే అత్తకి వాళ్ళమ్మ దక్కేది. ఆ సంగతి అర్థమయ్యే వయసు వచ్చేసరికి చెప్పే సమయం దాటిపోయింది. ఎన్ని వందల మంది పిల్లల తప్పు లెక్కలు దిద్దానో, ఈ ఒక్క సరైన లెక్కని తప్పని ఒప్పుకోలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది. అందుకే అత్త లంకకి వస్తానన్నప్పుడు నాలో నేను ఒక నిర్ణయానికి వచ్చాను. అక్కడే, ఆ ఇసుక మీదే, ఆమెకి అబద్ధం చెప్పెయ్యాలి.

ఇప్పటి లంక లంకలా లేదు. రాతి కట్ట పోసి అంచులు నిలబెట్టారు, మునగకుండా. రెల్లు కొట్టేసి పచ్చిక పరిచారు, ఒక పక్క మాత్రం అందం కోసం కాస్త వదిలారు. ఎక్కినవాళ్ళకీ దిగినవాళ్ళకీ మణికట్టుకి నంబరు పట్టీలు, ఎర్రవి, ఒకతను గేటు దగ్గర ఫోనుతో వాటిని పిక్ పిక్‌మని లెక్కపెడతాడు. చెయ్యి చాపమంటాడు, ముట్టుకోడు. ఎండ తగలకుండా మొహాలకి తెల్లటి క్రీము పూసుకుని అందరూ ఒకేలా ఉన్నారు. శిరీష నాక్కూడా పూసింది. పిల్లలు పేర్లు పెట్టి గొంతులు చించుకుంటున్నారు, పైన మైకులో పాటలు. ఇంత సందడిలో భయమెక్కడ నిలుస్తుంది అనుకున్నాను. పన్నెండు దాటాక భోజనాలకి పాటలు ఆపేశారు. గాలి పడిపోయింది. అప్పుడు తెలిసింది, ఆ ఎండ అదే ఎండ.

మూడింటికి మైకులో ఎవరో అమ్మాయి, “సామ్రాజ్యం గారు, మీ మసాజ్ టైమ్ అయింది, దయచేసి రండి” అంది. అత్త కదల్లేదు. రెండోసారి పిలిచింది. శిరీష, “నానమ్మా, నిన్నే! నేనే బుక్ చేశా, వెళ్ళు” అంటోంది. అత్త పిలుపు వచ్చిన వైపు చూడ్డంలేదు, వదిలేసిన ఆ కాస్త రెల్లు వైపు చూస్తోంది, ఇంకెవరైనా లేచి వస్తారేమో అన్నట్టు. మూడోసారి పిలిచి మైకు ఊరుకుంది. శిరీష విసుక్కుంటూ టైమ్ మార్పించడానికి వెళ్ళింది. మేమిద్దరమే మిగిలాం.

“అత్తా,” అన్నాను, “నీకొక మాట చెప్పాలి. ఆ రోజు నేను లెక్క తప్పు పెట్టాను. ఎనిమిదిమందే ఎక్కారు. భయమేసి తొమ్మిదన్నాను. నాయనమ్మ నిన్ను అట్లా చూడ్డానికి నేనే కారణం. నన్ను క్షమించు.” ఇన్నేళ్ళుగా మనసులో అనుకుని అనుకుని ఉన్నానేమో, అబద్ధం నిజంలాగే వచ్చింది. నాకు ఏడుపు కూడా వచ్చింది, అది మాత్రం నిజం.

అత్త నా వైపు తిరిగింది. కోపం లేదు. జాలిగా చూసింది, తప్పు జవాబు చెప్పిన పిల్లని నేను చూసేటట్టు.

“ఎందుకే అబద్ధం? నువ్వు సరిగ్గానే లెక్కబెట్టావు.” రెల్లు వైపు గెడ్డం చూపించింది. “పిలుస్తుంటే పోయాను గదా, అక్కడెవరూ లేరు. తిరిగొచ్చేసరికి పడవ కదిలిపోయింది. ఓ అని అరిచాను, పేర్లు పెట్టి కూడా అరిచాను, గాలికి మీకు వినబడలా. నేనూ లెక్కబెట్టానే అమ్మాయ్. ఒకసారి కాదు, మూడుసార్లు. మస్తాను కాక తొమ్మిదిమంది ఉన్నారు. అమ్మ పక్కన నా చోట్లో కూర్చున్నది ఒక్కతే వెనక్కి తిరిగి నన్ను చూసింది.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా? నాయనమ్మని ఒక్క మాటైనా అనలేదే నువ్వు” అన్నాను.

“ఏమని అనను? మా అమ్మ నన్ను నమ్మలేదని మీరంతా బాధపడ్డారు. నా బాధ నేనెవరితో చెప్పుకోను?” అంది అత్త. “పొద్దున మస్తాను తీసుకొస్తే గుమ్మంలో నిలబడ్డాను చూడు, అప్పుడు మా అమ్మ మొహం చూశాననుకుంటున్నావా? చూళ్ళేదే. ఆమె భుజం మీంచి లోపలికి చూస్తున్నా. నేను ఇంట్లో ఉన్నానేమోనని.”